బాపుకు రెండు పేర్లు

ఈ చలికాలం మొదలైన దగ్గర్నుంచి మంచిర్యాల బస్టాండు పక్కన చాయ్ అమ్మే ముసలాయన ఒకరు ఇనుప బకెట్టుకు కంతలు కొట్టించి బొగ్గుల పొయ్యి రాజేస్తున్నాడు. గ్యాసుకు పెట్టలేకనో, పాత అలవాటు వదులుకోలేకనో నాకు తెలియదు గానీ, పొద్దున్నే బడికి పోయే బస్సు కోసం నేను వచ్చేసరికి ఆ బకెట్టు నుంచి పచ్చటి, పసుప్పచ్చటి పొగ సుడులు తిరుగుతూ లేస్తుంటుంది. పిడక, కిరసనాయిలు, గంధకం కలిసిన ఆ ఘాటుకు జనం కొంగులూ రుమాళ్లూ ముక్కుకు అడ్డం పెట్టుకొని దూరం జరుగుతుంటే నేను ఎదురు పోయి నిలబడతాను. నాతోటి టీచర్లు నవ్వుతారు. వాళ్లకు నేను లెక్కల టీచరును, ఏ మాటైనా కొలిచి మాట్లాడేదాన్ని, పొగ పీలుస్తూ కళ్లు మూసుకునే మనిషిని కాదు. ఆ పొగ వెనకాల ఒక గోడ ఉందనీ, ఆ గోడ ముందర సుద్దముక్క పట్టుకొని మా స్వరూపక్క నిలబడి ఉందనీ వాళ్లకు నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లకే చెప్పలేదు, ఇక వాళ్లకేం చెప్తాను.

గోదావరిఖనిలో మాది రెండు గదుల క్వార్టరు. వెనకాల చిన్న వాకిలి, దానికి ఒక గోడ, గోడకు అవతల ఇంకో క్వార్టరు వెనక వాకిలి. సాయంత్రం అయిందంటే వరుసలో ఉన్న ఆడవాళ్లంతా పొయ్యిలు బయటపెట్టి కంపెనీ ఇచ్చిన బొగ్గు పేర్చి, కింద పిడకముక్కలు దూర్చి అంటించేవాళ్లు, పొగ పోయి బొగ్గు ఎర్రబడిందాకా బయటే ఉంచి, ఆ తర్వాత చెంగులు మడిచి రెండువైపులా పట్టుకొని లోపలికి తీసుకుపోయేవాళ్లు. ఆ గంటసేపు కాలనీ మొత్తం ఒకే మబ్బు కింద ఉండేది. పిల్లలం ఆ పొగలోనే బొగ్గుముక్కతో తొక్కుడుబిళ్ల గడులు గీసుకొని ఆడుకొనేవాళ్లం, దగ్గుకుంటూనే ఆడేవాళ్లం. మధ్యాహ్నాలు, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే గూట్లో గిన్నెలు గలగలమనేవి, దండెం మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిదరంగు తిరిగేది, ఎండాకాలం మంచాల మీద పోసిన వడియాల మీద సన్నటి నల్లపొడి పడితే అవ్వ వాటిని దులిపి డబ్బాకెత్తేది. అవ్వ అంటే మా వైపు అమ్మ. బాపు అంటే నాన్న. గని సైరను కూతలను బట్టి అవ్వ అన్నం వండేది, మేం నిద్ర లేచేవాళ్లం, బాపు వచ్చేవాడు పోయేవాడు.

బాపు టబ్బుల్లోకి బొగ్గు నింపే ఫిల్లరు. మొదటి షిఫ్టు దిగి సైకిలు మీద వచ్చి వెనక వాకిట్లో బండమీద కూర్చుంటే, ఆయన స్నానం చేసిన నీళ్లు నల్లగా మొదలై, బూడిదరంగుకు దిగి, ఎంతకూ తెల్లబడకుండానే కాలువలో కలిసేవి. ఎంత రుద్దినా కంటిరెప్పల అంచుల్లో కాటుక దిద్దినట్టు ఒక గీత ఉండిపోయేది. ఆ గీతతో బాపు నాకు చాలా అందంగా కనిపించేవాడు. తిన్నాక గోడకు వీపు ఆనించి బీడీ ముట్టించి అక్క పాఠం వినేవాడు.

అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. పొయ్యి పొగకు వెనక వాకిలి గోడ నడుమెత్తు దాకా నల్లగా మసిబారి ఉండేది, ఏ సున్నమూ దాని మీద నిలిచేది కాదు. ఎవరికీ పనికిరాని ఆ మసిగోడే అక్కకు నల్లబల్ల. బడి నుంచి ఏరుకొచ్చిన సుద్దముక్కలతో నాకూ, వరుసలోని మరో పది మంది పిల్లలకూ లెక్కలు చెప్పేది. బతుకమ్మ పండుగకు బాపు సైకిలు వెనకాల మూటగట్టి తెచ్చిన తంగేడు పూలు పేరుస్తూ కూడా ఊరుకునేది కాదు, కింది వరుసకు ఇన్ని పూలు పట్టినయి, పై వరుస ఇంత లోపలికి జరిగింది, మరి దానికి ఎన్ని పడతయి అని అడిగేది. నేను నువ్వుల ముద్ద బుగ్గన పెట్టుకొని ఏదో ఒక సంఖ్య చెప్పేదాన్ని. తప్పు చెప్తే కోప్పడేది కాదు, పేర్చి చూపించేది. త్రిభుజంలో మూడు కోణాలు కలిపితే నూట ఎనభై ఎందుకవుతాయో అక్క చెప్పిన పద్ధతి నాకు ఇప్పటికీ వేళ్ల చివర ఉంది. పాత నోటుబుక్కు కాగితాన్ని త్రిభుజంగా కత్తిరించి, మూడు మూలలూ చేత్తో చింపి, ఆ మూడు ముక్కల కొనలనూ ఒకే చుక్క దగ్గర పక్కపక్కన పెట్టేది. అవి ఒక సరళరేఖ మీద అతికినట్టు కూర్చునేవి. ఏ త్రిభుజమైనా సరే, మీ ఇష్టమొచ్చినట్టు కత్తిరించుకోండి అని పిల్లలకు వదిలేసేది. పొడుగువి, పొట్టివి, వంకరవి, అన్నీ అలాగే కూర్చునేవి. బాపు బీడీ ఆరిపోయింది కూడా చూసుకోకుండా ఆ ముక్కల వైపే చూసేవాడు.

ఇక బాపు పేర్ల సంగతి చెప్పాలి. ఊళ్లో బాపు పేరు ఓదెలు. గనిలో బాపు పేరు రాజం. రాజం అనే మనిషి నిజానికి వేరే ఉన్నాడు, బాపుకు పెదనాన్న కొడుకు, అంటే మాకు పెద్దబాపు. చాలా ఏళ్ల కింద గని పనికి కార్డు వచ్చింది ఆ పెద్దబాపుకే. ఒక్కరోజు గనిలోకి దిగి, ఆ చీకటీ ఉక్కా చూసి, పైకొచ్చి జ్వరం పడి, మేకలు కాసుకొని బతుకుతాను గానీ ఆ బొందలోకి మళ్లీ పోనని మొరాయించాడట. వచ్చిన కార్డు పాడుచేయొద్దని పెద్దలు కూర్చొని, దాన్ని తీసుకుపోయి మా బాపు చేతిలో పెట్టారు. ఆ రోజుల్లో గనుల్లో ఇట్లా మారుపేర్ల మీద పనిచేసినవాళ్లు బాపు ఒక్కడే కాదు, మా వరుసలోనే ఇంకో ఇద్దరుండేవాళ్లు. మొదటి నెల హాజరు పిలిచినప్పుడు రాజం అంటే తనను కాదనుకొని బాపు పలికేవాడు కాదట, నిలబడి ఉండగానే నాగాలు పడ్డాయట. ఈ ముచ్చట చెప్పుకొని పెద్దబాపూ బాపూ పొట్ట పట్టుకొని నవ్వేవాళ్లు. అవ్వ మాత్రం నవ్వేది కాదు. బజార్లో ఎవరైనా రాజమన్నా అని పిలిస్తే బాపు తల తిప్పేవాడు, అవ్వ చూపు పక్కకు తిప్పేది.

అక్కను బడిలో వేసిన రోజు బాపు డ్యూటీలో ఉన్నాడు. అవ్వే చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది. తండ్రి పేరేమిటి అని సారు అడిగితే అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడిపోయింది. మొగుడి పేరు నోటితో పలికే అలవాటు మా ఆడవాళ్లకు లేదు. అసలు పేరూ పలకదు, గని పేరూ పలకదు. సారు రెండోసారి అడిగేసరికి, ఊళ్లో నాయనమ్మ కేకేసే పేరును అక్కే గట్టిగా చెప్పేసింది. ఐదేళ్ల పిల్ల, తన తండ్రి పేరు తనకు తెలుసని మురిసిపోతూ చెప్పింది. సారు ఓదెలు అని రాసుకున్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత నన్ను బడిలో వేయాల్సి వచ్చినప్పుడు బాపు ఆ తప్పు జరగనివ్వలేదు, సెలవు పెట్టి తనే వచ్చి రాజం అని రాయించాడు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే గిన్నెలో తిని, ఒకే దుప్పట్లో పడుకున్న మా ఇద్దరికీ బడి రికార్డుల్లో తండ్రులు వేరు. చిన్నప్పుడు అది నాకు పెద్ద తమాషాగా ఉండేది.

అక్క ఇంటర్ పాసైన ఎండాకాలంలో అది తమాషా కాకుండా పోయింది. హైస్కూల్లో అక్కకు లెక్కలు చెప్పిన శేషారత్నం టీచరు ఒకరోజు గొడుగేసుకొని మా క్వార్టరుకు వచ్చింది. ఆమెది కోస్తా వైపు, ఆమె భర్త ఇక్కడ ఇంజనీరు. వెనక వాకిట్లో మసిగోడ మీద అక్క గీసినవన్నీ చదివి, అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి, అసలు సంగతి చెప్పింది. రిటైరైన కొందరు ఆఫీసర్లు కలిసి గని పిల్లల కోసం ఒక ట్రస్టు పెట్టారట. ఈ బొగ్గు బెల్టులో తెలివైన పిల్లలంతా ఇంజనీరింగు వైపు పరుగెత్తుతున్నారు, లెక్కలకూ సైన్సుకూ టీచర్లు దొరకడం లేదు, దూరం నుంచి వచ్చినవాళ్లు ఏడాది తిరక్కుండానే బదిలీ చేయించుకొని పోతున్నారు, అందుకని లెక్కల టీచరో సైన్సు టీచరో కావాలనుకునే పిల్లలకు డిగ్రీ నుంచి బీఎడ్ దాకా ఫీజు, హాస్టలు, పుస్తకాలు వాళ్లే చూసుకుంటారట, సెలవుల్లో మంచి టీచర్ల దగ్గర కూర్చోబెట్టి పాఠం చెప్పడం కూడా నేర్పిస్తారట. చదువైపోయాక తిరిగొచ్చి ఇక్కడి బళ్లలోనే కొన్నేళ్లు చెప్పాలి, అంతే షరతు.

"మీ స్వరూపకి లెక్కలు రావడం కాదమ్మా, చెప్పడం వచ్చు. అది అందరికీ రాదు" అంది టీచరు.

అక్క తలుపు వెనకాల నిలబడి వింటోంది. ఆమె మొహంలో ఆ రోజు చూసిన వెలుగు ఆ తర్వాత ఎన్నడూ చూడలేదు నేను. కరీంనగర్ హాస్టలు, సుద్దముక్కల పెట్టె, తనదైన ఒక నిజమైన నల్లబల్ల, అన్నీ ఆ ఒక్క ఫారంలో ఉన్నాయి. ఫారంతో పాటు తండ్రి గని కార్మికుడని గని ఆఫీసు ఇచ్చే కాగితం జతచేయాలి, పదో తరగతి మెమో జతచేయాలి. కాగితంలో రాజం ఉంటాడు, మెమోలో ఓదెలు ఉంటాడు. టీచరు వెళ్లిపోయాక ఆ సంగతి నలుగురికీ ఒకేసారి తట్టింది. ఆ సాయంత్రం అవ్వ పొయ్యి రాజేయడం మర్చిపోయింది.

మెమోలో పేరు మార్పించడం మాటలు కాదన్నారు. గనిలో నిజం చెప్తే ఉద్యోగానికే ఎసరు. ఆ ఆదివారం ఊరినుంచి పెద్దబాపు, అసలు రాజం, తాటిముంజలు పట్టుకొని వచ్చాడు, విన్నాడు, బయటపడే దారి ఆయనే చెప్పాడు. కార్మికుడు సాకుతున్న తండ్రిలేని పిల్లలు కూడా అర్హులేనని ఫారంలో ఒక వాక్యం ఉంది. ఓదెలు తమ్ముడు, చనిపోయాడు. రాజం అన్న, తమ్ముడి బిడ్డను సాకుతున్నాడు. ఇంటర్వ్యూలో అక్క ఆ ముక్క చెప్తే చాలు.

అవ్వ అగ్గయిపోయింది. "నేను పుస్తె మెడలేసుకొని తిరుగుతుంటే మొగడు సచ్చిండని చెప్పుడేంది?"

పెద్దబాపు తన రెండు అరచేతులూ చాపి చూపించాడు. "కాయితం మీద సస్తే నిజంగ సస్తడా, మరదలా? కాయితం మీద నేను ఇరవై ఏండ్ల సంది బొగ్గు నింపుతున్న. నా చేతులు సూడు, ఎంత తెల్లగున్నయో."

ఎవరూ నవ్వలేదు. బాపు బీడీ కట్ట వేళ్లతో తిప్పుకుంటూ ఫారం నింపమన్నాడు.

ఇంటర్వ్యూకు ఇంకా వారం ఉంది. ఆ వారం రోజులూ అక్క బాపును పెద్దబాపు అని పిలవాలి, అలవాటైతే అక్కడ నోరు జారదని బాపే పెట్టిన నియమం. పెద్దబాపూ అన్నం తిందువు రా, పెద్దబాపూ సైరను అయింది అని అక్క నేల చూపులు చూస్తూ పిలిచేది, బాపు ఒక క్షణం ఆగి పలికేవాడు. బాపు అనే మాటకు ముందర పెద్ద అనే ఒక్క చిన్న మాట, అంతే గదా అని నాకు అనిపించేది. నాకు పదేళ్లు, అది ఆట. నేను కూడా పెద్దబాపూ పెద్దబాపూ అని బాపు చుట్టూ ఎగురుతుంటే అవ్వ వచ్చి నా వీపు చిట్లగొట్టింది. కొట్టి, తనే ఏడ్చింది.

ఇంటర్వ్యూ క్లబ్బు హాల్లో పెట్టారు. బస్సెక్కాలన్న ఆశతో నేను పేచీ పెట్టి వెంటపడ్డాను. ఎదురుగా బల్ల వెనక ముగ్గురు పెద్దలు, నడిమి కుర్చీలో తెల్లజుట్టు ఆయన ఒకరు, రిటైరైన ఇంజనీరు. అక్కకు బోర్డు చూపించి ఏదైనా ఒక పాఠం మాకు చెప్పమన్నాడు. అక్క బోర్డు దగ్గరికి పోలేదు. బల్లమీది తెల్లకాగితం ఒకటి అడిగి తీసుకొని, త్రిభుజం కత్తిరించమని ఆయన చేతికే ఇచ్చింది. ఆ పెద్దమనిషి వంకరటింకరగా ఒకటి చింపితే, అక్క మూడు మూలలూ తుంచి ఆయన ముందర పక్కపక్కన పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకొని, ముక్కలు తీసి మళ్లీ తనే పెట్టుకొని చూసి, డెబ్బై ఏళ్లొచ్చాయి నాకిలా ఎవరూ చెప్పలేదు అని పక్కవాళ్లతో అన్నాడు. గోడవార కుర్చీలో బాపు మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు. గెలిచామని నాకే తెలిసిపోయింది, బాపుకు తెలియదా.

తెల్లజుట్టాయన సంతకానికి పెన్ను తీస్తూ, ఓదార్పుగానే అడిగాడు. "మీ నాన్నగారు ఎప్పుడు పోయారమ్మా?"

నేను చిన్నగున్నప్పుడే సార్ అని చెప్పాలి. ఇంట్లో వంద సార్లు అనుకున్న మాట. అక్క బాపు వైపు చూసింది. బాపు తన చేతులు చూసుకుంటున్నాడు, గోళ్ల సందుల్లో బొగ్గు అలాగే ఉంది.

"పోలే సార్" అంది అక్క. "ఈయననే మా బాపు."

బల్ల వెనకవాళ్లు ముగ్గురూ గనుల్లో ముప్పై నలభై ఏళ్లు పనిచేసినవాళ్లు. వాళ్లకు విడమరిచి చెప్పనక్కర లేదు. తెల్లజుట్టాయన పెన్నుకు మూత పెట్టాడు. లేచి బాపు దగ్గరికి వచ్చి, ఇంకెవరికీ వినబడనంత మెల్లగా, "నేనీ మాట వినలేదు. పిల్లను తీసుకొని ఇంటికి వెళ్లు" అన్నాడు. ఆయన మంచివాడు. మంచివాడు కాబట్టే బాపు ఉద్యోగం నిలబడింది, మంచివాడైనా అక్కకు స్కాలర్‌షిప్పు ఇవ్వలేకపోయాడు. తెలిసి తెలిసి ఆ కాగితం మీద ఆయన మాత్రం ఎట్లా సంతకం పెడతాడు.

తిరుగు దారిలో బాపు నాకు మిర్చి బజ్జీలు కొనిచ్చాడు. అక్క తినలేదు. ఇంటికి రాగానే అవ్వ ఏమైందని అడిగితే బాపు చెప్పులు విడుస్తూ, "నన్ను సంపుకునేటందుకు దానికి నోరు రాలే" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, గర్వమూ లేదు, భయం ఉంది. ఆ భయం మా ఇంట్లో నెలల తరబడి కాపురం పెట్టింది. జీపు చప్పుడైతే అవ్వ వంటింట్లో నుంచి వచ్చి తొంగిచూసేది. ఎవరు ఏ కాగితం తెచ్చినా ఛార్జిషీటే అనుకొనేవాళ్లం. ఎవరూ ఏమీ తేలేదు గానీ, ఉద్యోగం పోకముందే పెద్దదాని పెళ్లి చేసేయాలన్న తొందర బాపుకు పట్టుకుంది. ఆ ఏడే అక్కకు పెళ్లయింది. బావ డ్రైవరు, నెమ్మదస్తుడు, మేం ఖని అని పిలిచే గోదావరిఖనిలోనే ఇల్లు. ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాలు తెప్పించుకుంటానని అక్క అంది, తెప్పించుకుంది కూడా. ఇద్దరు పిల్లలు, అత్త పక్షవాతం, ఆ పుస్తకాలు అట్ట చెదరకుండా నా దగ్గరికి వచ్చాయి.

నన్ను చదివించింది అక్కే. ఇంటర్లో నేను ఇంటిగ్రేషన్ దగ్గర బిక్కమొహం వేస్తే, అప్పటికి ఆ పాఠం ఎప్పుడో మర్చిపోయిన అక్క, పొయ్యిమీద కూర మాడిపోతుంటే రెండు రోజులు కూర్చొని మళ్లీ అర్థం చేసుకొని నాకు చెప్పింది. నాకు లెక్కలంటే ప్రాణమేమీ కాదు, నిజం చెప్పాలంటే నర్సు కావాలని ఉండేది. అక్క ఆ ట్రస్టు ఫారం తనే వెతికి తెచ్చి నా ముందర పెట్టింది. నీ మెమోల రాజం ఉన్నది గద, నీకేం ఫికర్ లేదు అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఎంత వెతికినా దొరకలేదు నాకు.

అదే క్లబ్బు హాలు. నడిమి కుర్చీలో అదే ఆయన, చెయ్యి వణుకుతోంది, జుట్టు సగం రాలింది. గోడవార బాపు. నన్నూ ఒక పాఠం చెప్పమన్నాడు. నేను ఆలోచించలేదు, కాగితం అడిగి తీసుకొని త్రిభుజం చింపమన్నాను. ఆయన చింపకుండా నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత బాపును చూశాడు. అప్పుడు చింపి ఇచ్చాడు. మూడు మూలలూ పక్కపక్కన పెట్టాను, అతికినట్టు కూర్చున్నాయి.

"ఇది నీకెవరు నేర్పారమ్మా? అక్కచెల్లెళ్లెవరైనా ఉన్నారా?"

ఈ ప్రశ్నకు ఇట్లా చెప్పమని నాకెవరూ నేర్పి పంపలేదు. అక్క పేరు చెప్తే పాత కథంతా లేస్తుందనీ, చేతికొచ్చిన సీటు పోతుందనీ నా బుర్రే చకచకా లెక్క కట్టింది. "లేరు సార్, నేనొక్కదాన్నే. నాకు నేనే అనుకున్న" అన్నాను. చాలా సులువుగా వచ్చింది ఆ మాట. ఆయన తల ఊపి సంతకం చేశాడు. ఆయనకు తెలుసని ఇప్పుడు నాకనిపిస్తుంది. తెలిసి, చెప్తానేమోనని ఒక అవకాశం ఇచ్చాడేమో, చెప్పినా సంతకం పెట్టేవాడేమో. ఆ ఏమోలు నన్ను ఈనాటికీ వదల్లేదు. బయటికొచ్చాక బాపు సైకిలు తాళం తీస్తూ ఒక్క మాటే అన్నాడు, "గీ ముచ్చట అక్కకు చెప్పకు బిడ్డా" అని. ఆ సాయంత్రం అక్క నాకోసం సేమ్యా పాయసం వండింది. నేను రెండు గిన్నెలు తిన్నాను.

నేను బీఎడ్ చదువుతుండగా బాపు రిటైరయ్యాడు. గని దగ్గర శాలువా కప్పి దండలేసి, రాజంగారి సేవలు అని మైకులో మాట్లాడుతుంటే, ఊరినుంచి వచ్చిన పెద్దబాపు ఆఖరి వరుసలో కూర్చొని తన పేరుకు తనే చప్పట్లు కొట్టాడు. మరికొన్ని నెలలకు తెలంగాణ వచ్చింది. ఖని చౌరస్తాలో గులాల్ చల్లుకుంటూ జనం ఎగురుతుంటే, తెలంగాణ కోసం సమ్మె జరిగిన రోజుల్లో నెలకు పైగా ఇంట్లో కూర్చున్న బాపు కూడా వెళ్లి తల నిండా రంగుతో తిరిగొచ్చాడు. వాకిట్లో కూర్చొని, "మన రాజ్యమొచ్చె. గిప్పుడన్న నా పేరు నాకిస్తరా" అన్నాడు, ఎవర్నీ అడగనట్టు. కొన్నేళ్లకు ఊపిరితిత్తులు చెడి పోయాడు. దశదిన కర్మకు ఫ్లెక్సీ కొట్టించాల్సి వచ్చినప్పుడు రెండు చేయించాం, ఊళ్లో ఓదెలు, కాలనీలో రాజం. రెంటి మీదా ఒకే ఫోటో.

ఇప్పుడు ఆ కాలనీ లేదు. ఓపెన్‌కాస్టు జరిగి జరిగి మా వరుస దాకా వచ్చింది, క్వార్టర్లు కూలగొట్టారు, మసిగోడ ఉన్నచోట మట్టిగుట్ట ఉంది. సాయంత్రాల పొగ లేదు, సైరను కూతకు అన్నం వండేవాళ్లు లేరు. ట్రస్టు పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, దాంతోపాటే ట్రస్టూ పోయింది. అక్క ఖనిలో ముందుగదిలో ట్యూషన్లు చెప్తుంది. నేను కాసిపేట వైపు ఒక హైస్కూల్లో ఏటా తొమ్మిదో తరగతికి కాగితం త్రిభుజాలు చింపి చూపిస్తాను. ఇది ఎవరు నేర్పిండ్రు టీచర్ అని పిల్లలెవరైనా అడిగితే గంట కొట్టే టైమైంది, పుస్తకాలు సర్దుకోండి అంటాను.

మొన్న బుధవారం, బస్టాండులో ఆ పొగ కొంగుకు పట్టించుకొనే బడికి పోయాను. పదో తరగతి చదివే ఒక పిల్ల ఫారం పట్టుకొని స్టాఫ్‌రూముకు వచ్చింది. సైన్సు టీచరు కావాలనుకునే ఆడపిల్లలకు ఎవరో కొత్తగా పెట్టిన స్కాలర్‌షిప్పు అది, నేనే తెప్పించి ఇచ్చాను. తండ్రి పేరు దగ్గర ఆగిపోయింది. వాళ్ల నాన్న ఓపెన్‌కాస్టులో కంట్రాక్టు పనికి పోతాడు, వేరే మనిషి గేటు పాసు మీద. పిల్ల గొంతు తగ్గించి అడిగింది, "టీచర్, ఇంట్ల పేరు రాయాల్నా, గని కాడి పేరు రాయాల్నా?"

ఆ పిల్లను కూర్చోమని చెప్పి వరండాలోకి వచ్చి అక్కకు ఫోను చేశాను. అటు పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. సంగతి చెప్పి, ఏం చెప్పమంటవే అక్కా అన్నాను. ఎక్కాలు పదమూడు నుంచి పద్నాలుగుకు పోయాయి.

"నన్నడుగుతున్నవా" అంది. "నేను చెప్పి ఏం కట్టుకున్న. నువ్వు టీచర్‌వి గద. రెండు పేర్లు రాయమను. రెండూ ఒక్కరియే అని కింద నువ్వు సంతకం పెట్టు."

ఫోను పెట్టేముందు అక్కకు చెప్పేద్దామనుకున్నాను, ఆ రోజు హాల్లో నేనన్న మాట. నోరు రాలేదు. నేను రాస్తున్న ఇది అచ్చయితే చదువుతుంది, అక్క ఏదీ చదవకుండా వదలదు. లోపలికి వచ్చి, ఆ పిల్ల వాళ్ల నాన్న రెండు పేర్లూ గుండ్రటి అక్షరాల్లో రాసేదాకా పక్కన నిలబడి, అడుగున ఉపాధ్యాయురాలి సంతకం అని అచ్చు వేసిన గీత మీద నా పేరు రాశాను. అది చెల్లుతుందో లేదో, ఆ పిల్లకు డబ్బు వస్తుందో లేదో, వాళ్ల నాన్న మీదికి ఏమొస్తుందో నాకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే, ఆ గీత మీద ఉండాల్సింది నా సంతకం కాదు, అక్కది.